చల్లార్పు గుంట తోటకూర

రోహిణి కార్తె, మూడో రోజు. పరుగు 59.

కొత్త పుస్తకం తెరిచినప్పుడు రాసేదెవరో ముందు చెప్పాలని మా కేంద్రం నియమం. నా పేరు తాయారు. ఎర్రతిన్నె పరీక్షా కేంద్రంలో గాలి కాపరిని. ఇంజిన్‌కు పట్టే గాలిని ఆరబెట్టి ట్యాంకుల్లో నింపడం, ప్రతి పరుగుకూ ముందు ట్యాంకు దగ్గర ఒక గాజు బుడ్డిలో నమూనా పట్టి చూడడం, "గాలి శుభ్రం" అని రాసి సంతకం పెట్టడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా పెడుతున్నాను. నా సంతకం పడకుండా ఇక్కడ అగ్గిపుల్ల కూడా గీయరు.

ఈరోజు కూడా ఇంజిన్ వెలిగింది. యాభై తొమ్మిదికి యాభై తొమ్మిది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా షెడ్డు రేకుల కింద నిలబడితే రోళ్ళే నయమనిపిస్తుంది. అయినా ఆ నీలిమంట కనిపించగానే పొంగే పాలు సమయానికి దించినంత నిమ్మళంగా ఉంటుంది నాకు.

ఈ నిమ్మళానికి కారణం ఉంది. మృగశిర కార్తె పదో రోజున మా మరదలు కుందన తూనీగ అనే మా విమానంలో దక్షిణ దీవికి ఎగరబోతోంది. తూనీగలో మనిషి కూర్చోవడం ఇదే మొదలు. ఓడలో నలభై రోజుల దారి అది, తూనీగలో గంటన్నర. దీవిలో అది దిగే బాట వేయడానికి వెళ్ళిన మా తమ్ముడు పెంచలయ్యను, అంటే తన మొగుణ్ణి, కుందన చూసి మూడేళ్ళయింది.

రాకెట్టు తూనీగను ధ్వని కన్నా ఆరు రెట్ల వేగానికి తోసి వదిలేస్తుంది. ఆ వేగానికి దాని నోట్లోకి దూరే గాలి దానంతట అదే కాగిపోతుంది. అందులో ఇంధనం చల్లితే ఇంజిన్ వెలగాలి. వెలగకపోతే కింద ఉన్నది సముద్రం. నేల మీద ఇంజిన్ కదలదు కనుక మేమే గాలిని అంత వేడి చేసి దాని నోట్లోకి ఊది చూస్తాం. ఆ ఊదడాన్నే పరుగు అంటాం.

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు. పరుగు లేదు.

వేదాద్రి గారు తూనీగలోంచి నిప్పుపెట్టె తీయించేశారు. ఆయన మా ప్రధాన ఇంజనీరు. నిప్పుపెట్టెలో ఉండేది గాలి తగిలితే చాలు తనంతట తాను అంటుకునే మందు. మనుషుల్లేకుండా ఎగిరిన రెండు తూనీగలూ ఆ పెట్టెతోనే వెలిగాయి. ఇక్కడ మాత్రం పెట్టె అవసరం లేకుండానే ప్రతి పరుగులోనూ వెలుగుతోంది. ఇంక ఆ పదకొండు కిలోల బరువు దండగ అన్నారు.

"మిగతా వాళ్ళ మాట నేనెరగనండీ, తాయారమ్మ గారి గాలి మీద నాకు నమ్మకం. ఆ గాలిలో వెలిగిందంటే ఆకాశంలోనూ వెలుగుతుంది" అన్నారు అందరిలో. నాకు ఒళ్ళు పొంగిపోయింది. అబద్ధం ఎందుకు, పొంగిపోయింది.

పదకొండు కిలోలు ఖాళీ అయ్యాయనగానే ఎర్రతిన్నెలో సగం మంది ఆవకాయ జాడీలు పట్టుకొచ్చారు. ఇక్కడి ప్రతి ఇంటి మనిషీ ఒకడు దీవిలో బాట పనిలో ఉన్నాడు, ఆ మనిషికి మూడేళ్ళుగా ఆవకాయ లేదు. కుందన త్రాసు పెట్టుకుని ఒక్కొక్కటీ తూచి, చిన్న చిన్న సంచుల్లోకి మార్చింది.

"అంత వేగంలో ఎగిరి పోయి ఆవకాయ ఇచ్చేదానికా నేను ఇన్నాళ్ళు నేర్చుకుంది, వదినా?" అంది నవ్వుతూ.

"మా తమ్ముడికి నీకన్నా అదే ముఖ్యం" అన్నాను.

రోహిణి కార్తె, పదకొండో రోజు. పరుగు 60.

వెలిగింది. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం భోజనంలో తోటకూర పులుసు. మా వంటశాల మస్తానయ్య తోటకూర ఎలా పండిస్తున్నాడో చూద్దామని చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాను. రెండు మళ్ళున్నాయి. ఒకదాంట్లో కూర జానెడు కూడా లేదు, పాలిపోయి ఉంది. పక్క మడిలో నా నడుము దాకా లేచింది. ఆకు అరచెయ్యంత, రంగు నల్లపచ్చ.

"ఎంత యూరియా పోశావు మస్తానయ్యా?" అన్నాను.

"యూరియా యాడుండాది అక్కా మనకి? ఓడొచ్చి ఏడాదాయె. రెండు మళ్ళకీ ఒకే విత్తనం, ఒకే మన్ను. ఇది బావి నీళ్ళ మడి. అది చల్లార్పు గుంట నీళ్ళ మడి. అంతే."

చల్లార్పు గుంట అంటే ఇంజిన్‌లోంచి వెళ్ళిపోయే వేడి గాలిని ముంచి చల్లార్చే నీటి గుంట. పరుగయ్యాక ఆ నీళ్ళు వృథా పోతుంటే మస్తానయ్య కాలువ తీసి మడికి పెట్టుకున్నాడు.

"ఆ గుంట నీళ్ళు అట్టానే పోస్తే మాడి చచ్చినాయి మొదట్లో. నోట్లో ఏసుకుంటే పుల్లంగా ఉండాయి. రెండు బొచ్చెల సున్నం కలిపినా. ఇంక చూడు. ఉరుముల వాన పడితే పైరు పచ్చబడదా, అట్టా లేస్తుండాది. ఆ ఇంజిన్ ఉరుము ఇని లేస్తుండాదని నేననుకుంటుండా."

నవ్వి వచ్చేశాను. పులుసు మాత్రం చాలా బాగుంది.

రోహిణి కార్తె, పన్నెండో రోజు. పరుగు లేదు.

నవ్వి వచ్చాను గానీ తోటకూర నా బుర్ర వదలలేదు. పొద్దున ట్యాంకు కవాటాలకు గ్రీజు పూస్తుంటే చేయి ఆగిపోయింది.

ఉరుముల వానకు పైరు పచ్చబడేది ఉరుముకు కాదు, మెరుపుకు. మెరుపు వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నీళ్ళలో దిగి ఎరువవుతాయి. ఇది చిన్నప్పుడు బళ్ళో చెప్పిన పాఠం. మరి మా వేడి గొట్టంలో ఏముంది? నాలుగేళ్ళ కిందట పాత కొలిమి తీసేసి విద్యుత్ కొలిమి పెట్టారు. రెండు రాగి కడ్డీల మధ్య ఆగకుండా వెలిగే మెరుపు అది. ఆ మెరుపులోంచే మా గాలి పోతుంది.

పాత కొలిమిలో హైడ్రోజన్ మండించి గాలి వేడి చేసేవాళ్ళం. మంటకు ఖర్చైన ప్రాణవాయువు మళ్ళీ కలిపేవాళ్ళం, అయినా గాలినిండా ఆవిరి ఉండేది. అది అందరికీ తెలుసు కనుక ప్రతి అంకె పక్కన "తడి" అని ఒక గడి ఉండేది, ఆకాశం గాలికి సరిపోయేలా సవరించేవాళ్ళం. ఆ ఆవిరికి నమూనా గొట్టం మూసుకుపోతోందని, నమూనా కొలిమి దాటాక కాదు, ట్యాంకు దగ్గరే పట్టాలని మా గురువు సుందరేశం గారు నియమం పెట్టారు. విద్యుత్ కొలిమి వచ్చిన రోజున లడ్డూలు పంచుకుని "తడి" గడి కొట్టేశాం. కరెంటుకు పొగేమిటి, ఆవిరేమిటి అనుకున్నాం. ట్యాంకు దగ్గర పట్టడం మాత్రం మానలేదు. పెద్దాయన పెట్టిన నియమమని నేనే మాననివ్వలేదు.

అంటే అరవైసార్లు నేను పరీక్షించింది ఇంజిన్ పీల్చని గాలిని.

ఇది రాస్తుంటే మొహం మండిపోతోంది.

రోహిణి కార్తె, పదమూడో రోజు. పరుగు 61.

ఎవరికీ చెప్పకుండా కొలిమి దాటాక ఇంజిన్ నోటి దగ్గర సన్నటి రాగి గొట్టం పెట్టి, దాని చుట్టూ తడి గోనె చుట్టి, బుడ్డిలో గాలి పట్టాను. పరుగు నడిచింది. ఇంజిన్ ఎప్పటిలాగే వెలిగింది.

బుడ్డి చల్లారే కొద్దీ లోపలి గాలి పల్చటి టీ డికాషన్ రంగుకు తిరిగింది. గాలికి రంగుండకూడదు. పరీక్ష చేశాను. వందలో రెండు పాళ్ళు నైట్రిక్ ఆక్సైడ్, అదే చల్లారి రంగు మారింది. ఇంధనం అంటుకోవడానికి ఆ వాయువు సాయం చేస్తుందని పాత పుస్తకాల్లో ఉంది. మేము ఎవరం ఆ పుట తిప్పలేదు.

బుడ్డి పట్టుకుని వేదాద్రి గారి గదికి వెళ్ళాను. ఆయన చాలాసేపు వెలుతురుకు పెట్టి చూశారు.

"వందలో రెండు పాళ్ళు. ఆ రెండు పాళ్ళ వల్లే ఇంజిన్ వెలుగుతోందంటారా?"

"కుండెడు పాలు తోడుకోడానికి ఎంత మజ్జిగ కావాల సార్?"

ఆయన నవ్వలేదు. "తాయారమ్మా, వెలగని ఇంజిన్ గురించి ఏడ్చేవాళ్ళను చూశాను గానీ, వెలిగే ఇంజిన్ గురించి ఏడ్చేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానండీ. పది రోజుల్లో ఎగరాలి. ఆరుద్ర వచ్చిందంటే మబ్బులు, మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. మీ అనుమానానికి రుజువేదండీ?"

"మస్తానయ్య తోటకూర" అన్నాను. ఆయన బుడ్డి బల్ల మీద పెట్టి, తలుపు వైపు చూశారు. నేను బయటికి వచ్చేశాను.

మృగశిర కార్తె, ఒకటో రోజు. పరుగు లేదు.

కుందన నా కోసం ట్యాంకుల దగ్గరికే వచ్చింది. పనిలో ఉన్నట్టు నటించాను గానీ అది నా చేతిలోంచి పానా లాక్కుంది.

"వదినా, రెండు రోజులుగా మొహం మాడ్చుకోని తిరగతా ఉండావు. నాతో మాట్లాడేది లేదా?"

చెప్పేశాను. అంతా చెప్పాను. నా సంతకాల సంగతి కూడా. చివరికి, "నువ్వు ఎగరొద్దే" అన్నాను.

అది పానా ట్యాంకు మీద పెట్టింది. "మూడేళ్ళు ఆగినా వదినా, ఇంకో ఆర్నెల్లు ఆగమంటే ఆగలేను. అట్టాగని సముద్రంలో పడేదానికీ సిద్ధంగా లేను. శుభ్రం గాలిలో వెలగదని నువ్వు అనుకుంటుండావు, వెలగతాదని ఆయన అనుకుంటుండాడు. శుభ్రం గాలి పెట్టి చూపించకూడదా?"

"వేడి చేస్తేనే గదా చెడిపోతుండేది. మెరుపు లేకుండా, మంట తగలకుండా గాలిని ఎట్టా కాగబెట్టేది?"

"కుంపటి మీద రాయి కాగబెట్టి, ఆ రాయితో కాపడం పెట్టుకోమా?"

దాని మొహంకేసి చూశాను. గులకరాళ్ళ కొలిమి. పదేళ్ళుగా షెడ్డు వెనక తుప్పు పట్టి పడి ఉంది. పొడవాటి బురుజు నిండా పింగాణీ గుండ్లు. కింద మంట పెట్టి గుండ్లు ఎర్రబడేదాకా కాల్చి, మంట ఆర్పి, పొగంతా ఊదేసి, అప్పుడు శుభ్రమైన గాలి పంపితే గుండ్ల వేడి గాలికి ఎక్కుతుంది. ఎనిమిది సెకన్లకు మించి వేడి నిలవదని దాన్ని మూలన పడేశాం. వెలుగుతుందా లేదా తేలడానికి ఎనిమిది సెకన్లు చాలు.

చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మృగశిర కార్తె, నాలుగో రోజు. పరుగు లేదు.

వేదాద్రి గారు ఒప్పుకున్నారు. కుందన వెళ్ళి, "సార్, ఎగిరేది నేను. నాకు చూడాలని ఉండాది" అందట. ఒక్క షరతు పెట్టారు.

"ఆ గుండ్లు ఒకదానికొకటి రాసుకుని పొడి రాలుస్తాయి. పొడి వల్ల ఆరిపోయిందో, గాలి వల్ల వెలగలేదో ఎలా చెబుతారండీ? ఒక మలినం తీసి ఇంకోటి పెట్టినట్టవుతుంది."

నిజమే. మంచి ఇంజనీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. అందుకని మూడు రోజులుగా గుండ్లు కడుగుతున్నాం. పన్నెండు వేల గుండ్లు. వంటశాల గంగాళాలన్నీ ఇక్కడే ఉన్నాయి, మస్తానయ్య పులిహోర బుట్టలో కలుపుతున్నాడు. ఈరోజు వేదాద్రి గారు కూడా చొక్కా చేతులు మడిచి వచ్చి కూర్చున్నారు. పగిలిన గుండు కనిపిస్తే పక్కకు తీసి, నాకు చూపించి మరీ పారేస్తున్నారు.

మృగశిర కార్తె, ఆరో రోజు. పరుగులు 62, 63, 64, 65.

నమూనా ఇంజిన్ నోటి దగ్గర పట్టాను. రంగు లేదు. గుండ్ల పొడి వస్తోందేమోనని గాలిని అద్దం మీద పట్టి చూశాం, వేలికి ఏమీ అంటలేదు. వేడి సరిగ్గా మునుపటి వేడే. వేదాద్రి గారే మీట నొక్కారు.

పరుగు 62. వెలగలేదు. ఇంధనం తెల్లటి పొగమంచులా వెనకనుంచి పోయింది.

పరుగు 63. గుండ్లు మళ్ళీ కాల్చాం. వెలగలేదు.

పరుగు 64. ఇంధనం పాళ్ళు మార్చాం. వెలగలేదు.

వేదాద్రి గారు మెల్లగా, "ఇప్పుడు అదే శుభ్రమైన గాలిలో ఆ వాయువు రెండు పాళ్ళు కలపండి" అన్నారు. పరుగు 65. మీట నొక్కిన క్షణంలో నీలిమంట లేచింది.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. అది దిగులుతో వచ్చింది కాదు. వెలగకపోతే వెలగకపోయింది, ఇక్కడే గదా, కాళ్ళ కింద నేల ఉన్న చోట. కుందన వెనకనుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది.

"పెట్టె మళ్ళీ పెట్టించండి" అన్నారు వేదాద్రి గారు. తర్వాత నా వైపు తిరిగి, "నేను మీ సంతకం చూశాను గానీ, మీరు బుడ్డి ఎక్కడ పట్టారో ఎన్నడూ అడగలేదు. తప్పు మీ ఒక్కరిదే కాదండీ" అన్నారు. ఆ మాటకు నా గుండెలో బరువు సగం దిగింది.

మృగశిర కార్తె, ఏడో రోజు. పరుగు లేదు.

నిప్పుపెట్టె దాని చోటికి చేరింది. పదకొండు కిలోల ఆవకాయ దిగింది. సంచులు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చే పని నాకు పడింది. ఇచ్చినవాళ్ళు ఎవరూ అరవలేదు. ఒకామె మాత్రం, "నా కొడుకు నోటి కాడ కూడు తీసినావు తాయారూ" అంది. "ఆవకాయ ఓడలో పోతాదమ్మా. సముద్రంలో పడిన మనిషి తేలి రాదు" అన్నాను. ఆమె సంచి తీసుకుని, విప్పి, ఒక బద్ద నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మృగశిర కార్తె, పదో రోజు. పరుగు కాదు, ప్రయాణం.

రాకెట్టు వదిలేశాక తూనీగ వేగం తగ్గకముందు ఇరవై సెకన్లు చేతిలో ఉంటాయి. మొదటి ఆరు సెకన్లు పెట్టె ముట్టకుండా ఇంధనం చల్లి చూస్తానని కుందన అంది. నేను వద్దన్నాను. "నిజమేందో పుస్తకంలో ఉండాల వదినా. లేకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకి ఇంకొకరు ఈ పెట్టె తీసేస్తారు" అంది. పైలట్ అది. నేను గాలి కాపరిని. ఊరుకున్నాను.

ఉదయం తొమ్మిదింటికి రాకెట్టు వదిలింది. రేడియోలో దాని గొంతు, పక్కింట్లోంచి మాట్లాడినంత మామూలుగా.

"ఇంధనం చల్లుతుండా. ఒకటి, వెలగలా. రెండు, వెలగలా. మూడు, వెలగలా."

వేదాద్రి గారి పెదాలు అంకెలతో పాటు కదులుతున్నాయి. మస్తానయ్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"నాలుగు. అయిదు. ఆరు. వెలగలా వదినా. నీ మాటే నిజం. పెట్టె నొక్కుతుండా."

ఆ తర్వాత ఒక్క సెకను రేడియోలో ఏమీ లేదు. ఆ సెకనులో నేను ఇరవై ఆరేళ్ళ సంతకాలన్నీ చూశాను. అంతలో గరగరమని మోత, దాని మధ్యలో కుందన గొంతు. "వెలిగింది. వెలిగింది. ఇంక నన్ను మాట్లాడించబాకండి, పని ఉండాది."

పదిన్నరకు దీవి రేడియోలో మా తమ్ముడు మాట్లాడాడు. "అక్కా, దిగింది" అన్నాడు. నేను ట్యాంకుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఎండకు ట్యాంకు కాలిపోతోందని కాసేపటికి గానీ తెలియలేదు.

మఖ కార్తె, మూడో రోజు. పరుగు 71.

నిన్న ఓడ వచ్చింది. కుందన, పెంచలయ్య ఇద్దరూ దిగారు. తమ్ముడు నల్లబడ్డాడు, సన్నబడ్డాడు, ముందుగా ఆవకాయ అడిగాడు.

ఇంజిన్ వెలుగుతుందో లేదో చూసే పరీక్షలన్నీ ఇప్పుడు గులకరాళ్ళ కొలిమితోనే. విద్యుత్ కొలిమి వాడవలసి వస్తే అంకెల పక్కన కొత్త గడి ఉంది, అందులో "మెరుపు" అని రాస్తాం. మస్తానయ్యకు ఇదంతా నచ్చలేదు. గుంట నీళ్ళు ఇప్పుడు ఉత్త నీళ్ళే. రెండు మళ్ళూ ఒకేలా జానెడెత్తున పాలిపోయి ఉన్నాయి.

"మీ శుభ్రం గాలి నా మడిని చంపేసింది అక్కా" అన్నాడు పొద్దున, ఒక్కో ఆకూ ఏరుకుంటూ. నేను గట్టు మీద కూర్చుని ఆ పాలిపోయిన కూరను కళ్ళారా చూశాను. ఈ కేంద్రంలో దాన్ని చూసి సంతోషించేది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం పులుసు పల్చగా వచ్చింది. కుందన గరిటెతో వెతుక్కుని, "ఇదేంది వదినా, ఆకు యాడుండాది?" అంది.

"అంతే ఉండాది. తిను" అన్నాను. రెండోసారి కూడా వడ్డించుకుని తింది.

పరుగు 71. గాలి శుభ్రం. నమూనా ఇంజిన్ నోటి దగ్గర పట్టినది. తాయారు.